సంచిలో మోటారు ఫీజులు

వరి సాగు మీద మా గ్రంథాలయంలో దొరికినవన్నీ చదివాను. అయినా ఆ మాట రాగానే మెట్‌పల్లి బస్సులో పక్కన కూర్చున్న రైతే గుర్తొస్తాడు. అతని ఒళ్లో సంచి, అందులో కరెంటు డబ్బాలోంచి పీకిన బోరు మోటారు ఫీజులు.

“ఇవి ఇంట్ల ఉంటె మా బాపు మోటర్ పెడ్తడు. నీళ్లు లేని వరి జూస్తె ఆయనకు పానం ఆగదు. నేనేమో ఒక్క మడి ఆరబెట్టి చూస్తున్న. అది నిండితె అంత ఖరాబే,” అన్నాడు.

మడిలో నీళ్లు ఎప్పుడూ నిలిచి ఉంటే మీథేన్ పుట్టి గాలి వేడెక్కుతుందని, మధ్యమధ్య ఆరబెడితే అది తగ్గుతుందని హుషారుగా చెప్పాను. అతను వెంటనే ఫోన్ కలిపి నా చేతికిచ్చాడు.

“గదే మా బాపుకు చెప్పు అన్నా. నా మాట ఇనడు.”

చెప్పాను. పెద్దాయన అంతా విన్నాడు.

“పొలం నెర్రెలువారితె మంది నవ్వరా బిడ్డా?”

“సన్నగ నెర్రెలు రాంగనే మళ్ల తడి పెడ్తరు, పెద్దబాపు. వరికేం కాదు.”

ఆయన నవ్వాడు. “ఫీజులు ఎత్కపోయిండు పిచ్చోడు. తీగెలు కలిపి మోటర్ పెట్టుడు నాకు రాదా? పొద్దుగాల్నుంచి గట్టు మీదనే కూసున్న. పెట్టలే.”

ఆ మాట అతనికి చెప్పాను. అతను సంచిని ఒళ్లోంచి తీసి కాళ్ల దగ్గర పెట్టుకున్నాడు.