మా మేస్త్రీ పెదనాయన మిక్సరు కొన్న వైనం

చదువు ముగిసి, ఉద్యోగం ఇంకా ఒంటికి పట్టని ఆ రోజుల్లో మనిషికి తెలియని విషయం ఏదీ ఉండదు. నాకూ ఉండేది కాదు. వేలూరులో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి, అక్కడే నిఘా కెమెరాలు అమ్మే కొట్లో చేరి, రోజూ గుడియాత్తం నుంచి బస్సులో పోయి వస్తుండేదాన్ని. మా వీధిలో ఎవరింట ఫ్యాను ఆగినా, ఎవరి టీవీలో బొమ్మ వణికినా నాకే కబురు. నేను వెళ్ళి, వస్తువు వెనక పక్క ఒకసారి తట్టి, "వోల్టేజీ సమస్య" అని గంభీరంగా చెప్పి వచ్చేదాన్ని. (ఆ మాట చెప్పిన ప్రతి ఇంట్లోనూ కాఫీ ఇచ్చారు. నా చదువులో అంతకంటే ఫలితమిచ్చిన ముక్క ఇంకోటి లేదు.) అందుకే మా పెదనాయన భజనలకు, మైకుల సౌండు కలిపి సరిచేసే ఒక చిన్న మిక్సరు కొనాలనుకున్నప్పుడు, వేలూరు బజారుకు తోడుగా నన్నే పిలిచాడు.

పెదనాయన ఇళ్ళు కట్టే మేస్త్రీ. మా వాళ్ళంతా తరాలుగా తాపీ పట్టినవాళ్ళే. ఇంట్లో తెలుగు, బజార్లో తమిళం, కోపమొస్తే రెండూ. ఆయనకు ఏ భాషలోనూ అక్షరాలు రావు, పాటలన్నీ వాళ్ళ నాయన నోటి నుంచి పట్టుకున్నవే. ఆయన జట్టుకు ఒక పద్ధతి ఉండేది. గృహప్రవేశం నాడు, ఆ ఇల్లు కట్టిన చేతులే పొద్దున్నే స్నానం చేసి, నామం పెట్టుకుని వచ్చి, నట్టింట్లో కూర్చుని భజన చేయాలి. "గోడ ముందు మన గొంతు వినాల, ఆ తర్వాతే ఇల్లుగలోళ్ళ గొంతు" అనేవాడు. కే.వి.కుప్పం నుంచి పరదరామి దాకా ఆయన కట్టిన ఏ ఇంట్లోనూ ఆ పాట లేకుండా పాలు పొంగలేదు. అలాంటి గొంతు, కంఠానికి ఒక ఆపరేషన్ అయ్యాక, పక్కన కూర్చుంటే తప్ప వినపడకుండా పోయింది. గట్టిగా కాకుండా పాడుకోవచ్చని డాక్టరు చెప్పినా ఆయన పాడలేదు. ఇల్లు కట్టేవాడు, గృహప్రవేశం రోజుకు సరిగ్గా జ్వరం తెచ్చుకునేవాడు. పెద్దమ్మ ఒకనాడు నన్ను వంటింట్లోకి పిలిచి, "పాడకపోతే ఈ మనిషి నాకు మిగలడమ్మా, ఏదో ఒకటి చెయ్యి" అంది. మైకు సంగతి ఆయన చెవిన వేసింది నేనే.

వేలూరు బజార్లో, సౌండు సామాన్ల కొట్లో రెండు మిక్సర్లు బల్ల మీద పెట్టారు. ఒకటి చేతిసంచిలో పట్టేది, దాని నిండా తిప్పే నాబులు. ఇంకోటి కాస్త వెడల్పుది, పైకీ కిందికీ జరిపే పొడుగు మీటలున్నది. నేను చిన్నదాని పక్షం. "మనకు పాటకు రెండు మైకులు, హార్మోనియానికి ఒకటి, ఢోలక్‌కు ఒకటి. ఇది చాలు పెదనాయనా. పైగా దీంట్లో ప్రతిధ్వని ఎన్ని రకాలుందో చూడు" అని కొట్టువాడి కంటే ముందు నేనే అమ్మడం మొదలుపెట్టాను. పెదనాయన ఇటుకను చూసినట్టు రెండింటినీ చేత్తో ఎత్తి చూశాడు, వేలి కణుపుతో తట్టి చూశాడు.

"ఖాళీ ఇంట్లో పాడేవాళ్ళం తల్లీ. ప్రతిధ్వని మనమే కట్టి ఇస్తా ఉండాం గదా, మళ్ళ దాన్ని అంగట్లో కొనేదా?" అన్నాడు. తర్వాత ఒక కన్ను మూసి మీటల వరస చూశాడు. "ఆ నాబులు యాడ తిరిగి ఉండాయో తెలియాలంటే అద్దాలు పెట్టుకొని వంగాల. ఇదైతే నిలబడి చూస్తే చాలు, ఏ వరస యాడికి వచ్చిందో తెలుస్తాది." నేను మూతి ముడుచుకున్నాను. మీటల మిక్సరే ఇంటికొచ్చింది, బస్సులో కిటికీ పక్క సీటు కూడా దానికే ఇచ్చాడు.

మొదటి పరీక్ష పేర్ణాంబట్టు రోడ్డులో కట్టిన ఇంట్లో. తెల్లవారకముందే వెళ్ళి తీగలు బిగించాను. ఆయన మైకు మీట దాదాపు పైఅంచు దాకా పెడితేగాని గొంతు వినపడలేదు, ఢోలక్ మీటను అడుగుకు దించాల్సి వచ్చింది. (మా ఢోలక్ మామ వృత్తికి, స్లాబు కింద పలకలు కొట్టే సెంట్రింగ్ పనివాడు. పలకకూ ఢోలక్‌కూ ఆయన దెబ్బలో తేడా ఉండదు.) అన్నీ అమిరాయని నేను నిశ్చింతగా ఉన్నాను. మామ వంగి చూసి, "ఏం మేస్త్రీ, అందరమూ కింద ఉంటే నీ గీత ఒక్కటే పైకి పోయి ఉండాదే!" అని గట్టిగా నవ్వాడు. చుట్టూ ఉన్న జట్టు కూడా వంగి చూసి నవ్వింది. పెదనాయన నవ్వలేదు. అది గమనించాల్సిన నేను, బయట పందిట్లో పనివాళ్ళకు పొంగలి వడ్డిస్తున్నారని తెలిసి అటు నడిచాను.

పొంగలిలో మొదటి జీడిపప్పు నోట్లో పడిందో లేదో, లోపల నుంచి మైకుల కీచు కూత మొదలైంది. ఖాళీ గోడల మధ్య ఆ కూత పెరుగుతూ పోయింది. సరిగ్గా అప్పుడే అయ్యవారు ఆవును, దూడను గడప దాటిస్తున్నాడు. ఆవు ఒక్క క్షణం ఆలోచించి వెనక్కి తిరిగింది. దాని తాడు పట్టుకున్న ఇంటాయన కూడా కొత్త పట్టు పంచెతో దాని వెంటే రోడ్డెక్కాడు. నేను ఎంగిలి చేత్తోనే పరుగెత్తి కరెంటు తీగ పీకేశాను. చూస్తే మీటలన్నీ పైఅంచున, దారం పట్టినట్టు ఒకే వరసలో ఉన్నాయి. ఎవరి పనో అడగనక్కరలేదు.

"మేస్త్రీ కన్ను, వంకర వరస ఓర్వలేదు" అని అందరూ సరిపెట్టుకున్నారు. నేనూ అదే అనుకుని, పెరట్లో నీళ్ళ తొట్టి దగ్గర నిలబడ్డ ఆయన దగ్గరికి వెళ్ళి క్లాసు పీకాను. "ఇది గోడ కాదు పెదనాయనా. సమంగా ఉండకూడదు. ఎచ్చుతగ్గులుంటేనే పాట కుదురుతుంది" అన్నాను.

ఆయన తొట్టిలో చేతులు కడుక్కున్నాడు. తర్వాత నాకు మాత్రమే వినిపించే ఆ గొంతుతో, "తెలుసులే తల్లీ. ఆ గీత ఎంత పైకి పోతే నా గొంతు అంత పోయిందని కదా. వచ్చినోళ్ళందరూ వంగి వంగి చూస్తా ఉండారు" అన్నాడు. "నన్ను దించుకుంటే పాట వినపడదు. అందుకని అందరినీ నాతో సమంగా ఎక్కించినా. ఇంక చాలు, దీన్ని అంగట్లో తిరిగి ఇచ్చేద్దాం."

ఏడిస్తే బాగుండదని నేను లోపలికి పోయి మిక్సరు ముందు కూర్చున్నాను. ప్రతి మీటకూ పైన, తల దగ్గర, ఒక చిన్న నాబు ఉంటుంది. గొంతు లోపలికి వచ్చేటప్పుడే దాన్ని ఎంత పెంచి తీసుకోవాలో చెప్పేది అది. దాన్ని ఎవరూ చూడరు (నిజం చెప్పాలంటే నేను కూడా అంతవరకు సరిగా చూడలేదు). మీటలన్నీ నడుమకు తెచ్చి ఒకే వరసలో పెట్టాను. పెదనాయన నాబును బాగా తిప్పాను, మామది బాగా తగ్గించాను. కరెంటు తీగ మళ్ళీ గుచ్చి, వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. ఆయన ఒక కన్ను మూసి వరస చూసి, "సమంగా ఉండాయే!" అన్నాడు. మైకు అందుకున్నాడు. ఆ పాట వంటింటి దాకా, మిద్దె దాకా, బతిమాలి తీసుకొచ్చిన ఆవు దాకా వినపడింది. పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది.

ఆ తర్వాత కొన్నేళ్ళు ప్రతి గృహప్రవేశానికీ ఆ చిన్న నాబును ఎవరికీ తెలియకుండా ఇంకొంచెం తిప్పుతూ పోయాను. మీటలు మాత్రం ఎప్పుడూ ఒకే వరస. ఒక ఉదయం, గుడియాత్తంలోనే ఒక ఇంట్లో, నాబు చివరిదాకా వెళ్ళి ఆగిపోయింది. పెదనాయన రెండు చరణాలు పాడి, ఊపిరి అందక, మైకు నా చేతిలో పెట్టి "నువ్వు అందుకో" అన్నాడు. నేను ఆలోచించకుండా అందుకున్నాను. చివరిదాకా తిప్పిన నాబులో నా పోతు గొంతు పడేసరికి ఇల్లు అదిరింది. ముత్తైదువలు చెవులు మూసుకున్నారు, మామ చేతిలో ఢోలక్ జారింది.

పెదనాయన మిక్సరు వైపు చూసి, నా వైపు చూశాడు. "ఇంత సౌండు పెట్టినా నాది అంతేనా వస్తా ఉండింది?" అన్నాడు. "మైకు పాతదైపోయింది పెదనాయనా" అన్నాను. "మైకు కొత్తదే, మొన్న కొనింది నేనే గదా" అని, భుజాలు కదిలేలా, చప్పుడు లేకుండా నవ్వాడు. నేను కూడా నవ్వాను, కళ్ళు తుడుచుకుంటూ.

అప్పటి నుంచి పాట నాది, మిక్సరు ఆయనది. పక్కన పీట వేసుకుని కూర్చుని, నా మీట మీద ఒక వేలు పెట్టుకునేవాడు. నేను శ్రుతి తప్పిన చోటల్లా మెల్లగా కిందికి దించి, దారిలో పడగానే పైకి తెచ్చేవాడు. జనం నన్ను మెచ్చుకునేవాళ్ళు, నేను నిజమే అనుకునేదాన్ని. ఆయన పోయాక మొదటి గృహప్రవేశంలో పాడినప్పుడు తెలిసింది, నేను ఎన్ని చోట్ల తప్పుతానో. ఇప్పటికీ అన్ని తప్పులూ అందరికీ వినపడుతూనే ఉన్నాయి.