బొమ్మలో లేని కాలేయం

నేను డాక్టర్నే గానీ మందు రాసే డాక్టర్ని కాదు, మందు గురించి రాసే డాక్టర్ని. ఈ తేడా మా అమ్మకే సరిగా ఎక్కలేదు, హఫీజ్‌పేటలో నన్ను డాక్టరమ్మా అని పిలిచే మా అపార్ట్‌మెంట్ వాళ్లకు ఎక్కుతుందని ఎలా అనుకుంటాను? గచ్చిబౌలిలో ఒక పరిశోధన సంస్థలో ఉద్యోగం. క్యాన్సర్ మందును కంటికి ఆననంత చిన్న కొవ్వు బుడగల్లో నింపి, అవి కణితి దగ్గరికే వెళ్లి మందు దించేలా చేయడం మా పని. ఇన్నేళ్లలో నా చేతి మీదుగా బాగుపడినవన్నీ ఎలుకలే. వాటిలోనూ అన్నీ కావు.

మా రంగంలో అందరి దగ్గరా ఒక బొమ్మ ఉంటుంది. ఏ ప్రసంగమైనా దాంతోనే మొదలు. ఎర్రటి రక్తనాళం, అందులో ఈదుకుంటూ పోయే నీలం బంతులు, చివర ఉబ్బిన కణితి. బంతులన్నీ బుద్ధిగా వెళ్లి కణితిలోకి దూరతాయి, ఒక్కటీ పక్కచూపు చూడదు. నిజానికి మేం ఎక్కించే దాంట్లో చాలా భాగాన్ని కాలేయం మధ్యలోనే పట్టేసుకుంటుంది. కణితిదాకా చేరేది చాలా కొద్ది. ఈ సంగతి మాకందరికీ తెలుసు గనక ఎవరమూ గీయం. ఆ బొమ్మలో కాలేయం ఉండదు.

మా కింది ఫ్లాటు టీచరుగారు దగ్గర్లోని బడిలో సైన్సు చెప్పేవారు. మెదక్ వైపు మనిషి. ఆదివారం భర్తతో చర్చి నుంచి వస్తూ నేను కనిపిస్తే ఆగి పలకరించేవారు. ఒకసారి అడిగారు. "సైన్స్ డేకు మా పిల్లలకు నీ పని చెప్పు బిడ్డా. డాక్టరంటే సూదులిచ్చేటోళ్లే అనుకుంటరు వాళ్లు."

వెళ్లాను. బొమ్మ వేశాను. కాలనీలో ఒక దొంగ ఉన్నాడని ఊరందరినీ కొట్టడం మామూలు కీమో అనీ, మా మందు దొంగ ఇంటి తలుపు మాత్రమే కొడుతుందనీ చెప్పాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. వెనక బెంచీ నుంచి టీచరుగారు లేచారు.

"మరి దారి తప్పినయి ఏడికి పోతయ్ బిడ్డా?"

అంత మంచి ప్రశ్న మా సమావేశాల్లో కూడా ఎవరూ అడగరు. "హైదరాబాదు క్యాబుల్లాంటివే కదండీ," అన్నాను, "లొకేషన్ పెట్టినా పక్క గల్లీలో ఆగి ఫోను చేస్తాయి." గదంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు. జోకు అందలేదు పాపం అనుకున్నాను.

నాలుగైదు నెలల తర్వాత లిఫ్టులో ఇద్దరమే ఉన్నాం. తలకు చీరకొంగు చుట్టుకుని ఉన్నారు. పాలవాడు ఎప్పుడొస్తాడని అడిగినంత మామూలుగా అడిగారు.

"నీ మందు ఎప్పటికి వస్తది?"

"త్వరలోనే అండి." మాకు అది నోటికి అలవాటు.

"త్వరలోనే అంటే? క్రిస్మస్‌కు వస్తదా?"

"ఎవరికండీ?"

"నాకే." ఆవిడ అంతస్తు వచ్చింది. తలుపు మూసుకోకుండా చెయ్యి అడ్డం పెట్టారు. "రొమ్ముల గడ్డ. నువ్వు బడికి వచ్చినప్పటికే ఒకపారి ఎక్కించిన్రు. ఇంకోపారి ఎక్కించుకున్న, నోరంత పుండ్లాయె, జుట్టంత పాయె. నువ్వే చెప్తివి గద, గది ఊరందర్ని కొడ్తదని. నీది వచ్చినంక చేయించుకుందామని ఆగిన. ఇంట్ల మా సారుకు, దవాఖాన డాక్టరే ఆగుమన్నడని చెప్పిన."

కాలేయం గురించి, ఆ లిఫ్టు తలుపు దగ్గర నిలబడి, మొదటిసారి బొమ్మ లేకుండా చెప్పాను. మనుషులకు ఇవ్వడం ఇంకా మొదలే కాలేదన్నాను. ఇంకా ఎలుకల దగ్గరే ఉన్నామన్నాను.

"ఎలుకల సంగతి బొమ్మల లేకుండె గద," అన్నారు. తర్వాత మళ్లీ, "నేను సైన్స్ టీచర్ను. ఒక్కపారి అడిగి ఊకున్న. ఇంకోపారి అడగాల్సుండె."

తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

మర్నాడు సెలవు పెట్టి ఆవిడతో ఆసుపత్రికి వెళ్లాను. ఇన్ని నెలలు ఎందుకు రాలేదమ్మా అని డాక్టరు అడిగారు. "బడిల పరీక్షలుండె సార్," అన్నారు. ఆయన నా సంచికి తగిలించి ఉన్న ఆఫీసు కార్డు చూశారు. పేరుకు ముందున్న డాక్టర్ అన్న అక్షరాలు కూడా చూశారు. "మీరైనా చెప్పాల్సింది," అన్నారు. నేను తలూపాను. గడ్డను చిన్నది చేసి ఆపరేషన్ చేద్దామని మొదట అనుకున్నారట. ఈ నెలల్లో పాకింది గనక ఇప్పుడది కుదరదన్నారు, వేరే మందులతో చూద్దామన్నారు. ఊరందరినీ కొట్టే మందే మళ్లీ మొదలైంది. దానికి అడ్రసు తెలియదు గానీ అన్ని ఇళ్లకూ వెళుతుంది. మా దానికి అడ్రసు తెలుసు, ఇల్లే చేరదు.

ఆపరేషన్ చేసే స్థితికి ఆవిడ రానే లేదు. మరుసటి వేసవిలో పోయారు.

ఆవిడను తలుచుకుని ప్రార్థన చేసే జ్ఞాపక కూడిక అపార్ట్‌మెంట్ కింద, కార్లు తీయించి, షామియానా వేసి పెట్టారు. టీచరుగారి భర్త నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టి పాస్టరుగారికి చూపించారు. "గీ బిడ్డనే అయ్యగారూ, క్యాన్సర్‌కు మందు తయారుచేస్తున్నది. మా ఆమెను దవాఖానకు తోలుకపోయింది." పాస్టరుగారు నా చేతిపనిని దీవించమని ప్రభువును వేడుకున్నారు. అందరూ ఆమేన్ అన్నారు. చుట్టూ అంటుంటే నేనూ అన్నాను.

భోజనాల దగ్గర ఆయన నా పక్కకు వచ్చి నిలబడ్డారు.

"నీ మందు తొందర్ల వస్తదా బిడ్డా?"

"తెలియదండి. రాకపోవచ్చు కూడా."

"గట్లనకు. మా ఆమెకు నీ మీద చాన నమ్మకముండె."

ఆ నమ్మకం ఏం చేసిందో ఆయనకు ఆవిడ చెప్పలేదు. చెప్పవలసిన మనిషిని ఇక నేనొక్కదాన్నే. "సరిగ్గ తినలే నువ్వు," అంటూ ఆయన నా పళ్లెంలో ఇంకో గరిటె బగారా అన్నం వేశారు. నేను తల వంచుకుని తిన్నాను.