వార్తల పెద్దమ్మను ఊరు పంపిన ఆదివారం

నాకు అన్నీ తెలుసని నేను గట్టిగా నమ్మిన రోజులవి. డిగ్రీ పూర్తయి ఏడాది కాలేదు. జేబులో రెండు పెన్నులు, కాళ్లకు మెరిసే బూట్లు, నోటి నిండా మాటలు. ఇప్పటి కుర్రవాళ్లు ఇల్లు అమ్మాలంటే కొనేవాళ్లను కూర్చోబెట్టి, మీకేం కావాలి, ఎందుకు కావాలి అని ముందే అడిగి తెలుసుకుంటారట. మాకు అంత శ్రమ ఉండేది కాదు. కొనేవాళ్లకు ఏం కావాలో వాళ్లకన్నా మాకే బాగా తెలుసు కనుక, అనవసరంగా అడిగి వాళ్లను ఇబ్బంది పెట్టేవాళ్లం కాదు.

మా మేనమామ ఇబ్రహీంపట్నంలో ఇళ్లు కట్టి అమ్మేవాడు. ఆయన దగ్గర నేను సేల్స్ మేనేజర్‌ని. (నా కింద ఎవరూ లేరు. నా పైన మామ, మామ పైన అత్త.) సాగర్ రోడ్డు నుంచి లోపలికి వెళ్లే ఒక గల్లీలో ఆయన కట్టిన ఇల్లు ఆరు నెలలుగా నా ప్రతిభ కోసం ఎదురుచూస్తోంది. తూర్పు ముఖం, బోరులో నిండా నీళ్లు, గేటు మీద రెండు ఇనుప నెమళ్లు. అయినా అమ్ముడుపోలేదు. ఒకరోజు మామ చాయ్ తాగుతూ చల్లగా చెప్పాడు. "గీ ఆదివారం గూడ ఇల్లు పోకుంటే, సోమారం నువ్వు మీ ఊరు మంచాల బస్సెక్కు. మీ బాపుకు పత్తి ఏరనీకి మనుషులు దొరుకుతలేరంట." నేను మేనేజరునని మంచాలలో చెప్పని మనిషి లేడు. అదే బూట్లతో పత్తిచేలో నిలబడ్డ నన్ను ఊహించుకుంటే నాకే ఏడుపొచ్చింది.

ఇల్లు ఎందుకు పోవడం లేదో నేను అప్పటికే కనిపెట్టేశాను. కారణం పక్కింటి పెద్దమ్మ. గల్లీలో అందరూ ఆమెను వార్తల పెద్దమ్మ అంటారు. పొద్దున్నే వాకిలి ఊడ్చి, చాటలో చిక్కుడుకాయలో బియ్యమో వేసుకుని అరుగు మీద కూర్చునేది. ఇక ఆ దారిన పోయే ప్రతి ప్రాణీ ఎక్కడికి, ఎందుకు, ఎప్పుడొస్తావ్ అన్న మూడు ప్రశ్నలకు జవాబు చెప్పి కదలాల్సిందే. ఇల్లు చూడ్డానికి వచ్చిన ఒకాయనను గేటు దగ్గరే పట్టుకుంది. "జీతమెంత? పెండ్లయిందా? గిన్నేండ్లొచ్చినా ఎందుకు కాలే?" ఆయన లోపలికి రాకుండానే బండి తిప్పుకుని వెళ్లిపోయాడు. అంతే, ఆ ఒక్క మనిషిని చూసి నేను లోకానికంతా వర్తించే సూత్రం తయారుచేశాను: ఇల్లు కొనేవాళ్లకు కావాల్సింది ప్రశాంతత. ఎంత గొప్ప బుర్ర!

ఆదివారం రాబోతున్న వాళ్లు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్లు. భార్యాభర్తలిద్దరికీ ఆదిభట్లలో ఉద్యోగం, కంపెనీ బస్సులో రాకపోకలు. ఫోన్లో ఇంతవరకే విన్నాను, మిగతాది నేనే మాట్లాడాను. ఆ రోజు పొద్దున్నే రంగంలోకి దిగాను. మైకు పెట్టుకుని తిరిగే కూరగాయల ఆటోను గల్లీ మొదట్లోనే బతిమాలి వెనక్కి పంపాను. ఎదురింటి కోడిపుంజును గంప కింద మూయించాను. చివరికి పెద్దమ్మ దగ్గరికి వెళ్లి, మొహం వేలాడేసుకుని, "పెద్దమ్మా, మంచాలల మీ చెల్లెకు పానం బాగలేదంట. జర వచ్చిపొమ్మన్నది" అన్నాను. (ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ సిగ్గేస్తోంది.) పాపం, ఆమె చాట అక్కడే పడేసి, రెండు బత్తాయిలు కొంగున కట్టుకుని బస్సు కోసం పరుగెత్తింది.

పదకొండింటికి వాళ్లు వచ్చారు. భార్య, భర్త, ఆమె తల్లి, తల్లి చంకలో పదినెలల పాప. గల్లీలో ఆకు కూడా కదలడం లేదు. నా పనితనానికి నేనే మురిసిపోయాను. వాళ్లు గదులూ వంటిల్లూ బాగానే చూశారు. తల్లిగారు మాత్రం మాటిమాటికీ వాకిట్లోకి వచ్చి అటూ ఇటూ చూస్తోంది. "ఇక్కడ మనుషులుంటారా బాబూ?" అని అడిగింది. "ఒక్కరు గూడ మీ జోలికి రారమ్మా. పొద్దుందాక తలుపు తట్టెటోడు ఉండడు" అన్నాను గర్వంగా. ఆమె ముఖం వాడిపోయింది. నేను చెప్పింది చాలలేదేమో అనుకున్నాను. "మీరు గట్టిగ ఒర్లినా పక్కింటికి వినపడదు. గోడలు గంత మందం!" ఆమె పాపను గుండెకు గట్టిగా హత్తుకుంది. కూతురూ అల్లుడూ ముఖాలు చూసుకున్నారు. "మళ్లీ ఫోన్ చేస్తామండీ" అన్నాడు అల్లుడు. ఆ మాటకు అర్థం ఏమిటో ఆరు నెలల అనుభవంతో నాకు బాగా తెలుసు. వాళ్లు కారు వైపు నడుస్తుంటే నా కళ్ల ముందు పత్తిచేను తెల్లగా విరగపూసింది.

సరిగ్గా అప్పుడే గల్లీలో ఒక ఆటో ఆగింది. అందులోంచి పెద్దమ్మ, ఆమెకన్నా ముందు ఆమె గొంతు దిగాయి. "ఓరి దొంగసచ్చినోడా! మా చెల్లె దుక్క లెక్క గట్టిగున్నది, చేన్ల పత్తి ఏరుతున్నది. నన్ను చూసి నాకే ఏమన్న అయిందేమో అని ఏడ్వబట్టె. నన్ను ఎల్లగొట్టి ఇల్లు అమ్ముకుంటున్నవారా?" నా బూట్లకు కూడా చెమట పట్టినట్టుంది. ఇంకో నాలుగు తిట్టేదే, కానీ పాప కనిపించింది. "అయ్యో, గీ ఎండకు పిల్ల నెత్తి మాడుతలేదా? ఇటియ్యి" అని అందుకుని అరుగు నీడలో కూర్చుంది. ఇక మొదలు. ఏ ఊరు? ఇద్దరూ పనికి పోతారా? "మరి పిల్లనెవరు చూస్తరు?"

మూడు వారాలుగా ఫోన్లో నేను అడగని ప్రశ్న అది. "నేనేనండీ" అంది తల్లిగారు. "వచ్చే నెల నుంచి అమ్మాయి కూడా మళ్లీ ఆఫీసుకు వెళ్లాలి. పొద్దున బస్సెక్కితే ఇద్దరూ సాయంత్రానికే. చంటిదానికి ఏమైనా అయితే ఎవర్ని పిలవాలో తెలీదు. ఒక్కదాన్నే ఉండాలి, అదే నా భయం." పెద్దమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "ఒక్కదానివెట్లయితవ్? నేను సచ్చిన్నా?"

తల్లిగారు ఆ అరుగు మీదే కూలబడి, కొంగుతో కళ్లొత్తుకుని నవ్వింది. మంచాల వెళ్లొచ్చిన బత్తాయిల్లో ఒకటి ఒలిచి ఆమె చేతిలో పెట్టింది పెద్దమ్మ. అల్లుడు కారు తలుపు మూసి వెనక్కి వచ్చి, "మీ మామగారిని ఎప్పుడు కలవాలండీ?" అన్నాడు. సాయంత్రం మామ నా భుజం తట్టి, "మా అల్లుడు మాట్లాడిండంటే ఇల్లు పోవాల్సిందే" అని అత్తకు చెప్పాడు. నేను వినయంగా తలవంచుకున్నాను. నిజం చెప్పేంత ధైర్యం మేనేజర్లకు ఉండదు.

ఇప్పుడు నేను మన్నెగూడ దగ్గర ఒక అపార్ట్‌మెంటులో తొమ్మిదో అంతస్తులో ఉంటున్నాను. చాలా ప్రశాంతం. పొద్దుందాక తలుపు తట్టేవాడు లేడు. ఇంత తెలివైన అమ్మకందారు చివరికి తన సరుకు తనకే అంటగట్టుకున్నాడు. అందుకే కొన్ని ఆదివారాలు, ఏదో పనున్నట్టు, ఆ గల్లీకి వెళ్తుంటాను. ఆ పాప ఇప్పుడు సైకిల్ తొక్కుతోంది. ఇద్దరు ముసలమ్మలూ ఒకే చాట మధ్యలో పెట్టుకుని చిక్కుడుకాయలు ఒలుస్తుంటారు. "ఏమ్రా మేనేజరూ, ఇయ్యాల నన్ను ఏ ఊరికి తోలుతవ్?" అంటుంది పెద్దమ్మ. నేను నవ్వి, బూట్లు విప్పి, అరుగు మీద కూర్చుంటాను. ఎందుకు సన్నగయ్యావు, తిన్నావా, జీతమెంత పెంచారు అని ఆమె వరసపెట్టి అడుగుతుంది. ఒక్కటి కూడా వదలకుండా అన్నిటికీ జవాబు చెబుతాను. వారం మొత్తంలో నన్ను ఎవరైనా ఏమైనా అడిగేది అప్పుడే.