రెండుసార్లు తిరిగిన రీలు

మొన్నొక ఆదివారం మా ఊరి తెలీబంధా చెరువు గట్టున కూర్చుని ఉండగా, మా మేనకోడలు తన ఫోనులో ఏదో నొక్కి, నా ముఖాన్నీ చెరువు నీళ్ళనూ ఒకదాని మీద ఒకటి కలిపేసి చూపించింది. రెప్పపాటు కూడా పట్టలేదు. నాకు నవ్వూ వచ్చింది, కాస్త ఉక్రోషమూ వచ్చింది. ఇదే చెరువుతో ఇదే విద్య కోసం నేను పడ్డ పాట్లు నా ఈడువాళ్ళకైతేనే అర్థమవుతాయి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. నేను ఊరి బయట సిల్తారాలో ఒక ఇనుము ఫ్యాక్టరీ ఆఫీసులో గుమాస్తాగా చేరాను. నాన్న రైల్వేలో గార్డు. చిన్నాన్న వాడి వాడి విసుగెత్తి ఇచ్చేసిన పాత కెమెరా చేతికి రాగానే నాకిక పట్టపగ్గాలు లేవు. ఫిల్టర్లు కొనే స్తోమత లేదు కనుక మిఠాయి డబ్బా మీది ఎర్ర జిలుగు కాగితం లెన్సుకి చుట్టేదాన్ని, పాత కళ్ళద్దానికి వాజలైను పూసి అడ్డం పెట్టి, ఆరంగ్ గుళ్ళలోని శిల్పాలను మంచులో మునిగినట్టు తీసేదాన్ని. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుంది దీని వరస అని అమ్మ మురిపెంగానే తిట్టేది.

అన్నిటికన్నా పెద్ద సాహసం ఒకే రీలు మీద రెండుసార్లు ఫోటోలు తీయడం. మొదటి విడతలో రీలంతా చెరువు నీళ్ళే తీశాను, ఎండ తళుకులతో, అలలతో. తరువాత రీలును వెనక్కి తిప్పుతూ, చివరి కొస డబ్బీలోకి జారిపోకముందే చెవి ఒగ్గి ఆపేశాను. రెండో విడతలో సిల్తారా పొగగొట్టాలు తీస్తే అవి నీళ్ళలోంచి మొలిచినట్టు వస్తాయని నా ఊహ. ఆ ఆనందంలో రీలును, కొత్త రీళ్ళు పాడవకుండా దాచే ఫ్రిజ్ తలుపులో కరివేపాకు డబ్బా పక్కన పెట్టేశాను. కొస బయటికి ఉన్న రీలు చూడటానికి అచ్చం కొత్తదే. చీటీ అంటించాలన్న జ్ఞానం నాకు లేకపోయింది.

ఆ వారమే శ్రీకాకుళం వైపు నుంచి అమ్మమ్మ వచ్చింది. ఆమెకు అప్పటిదాకా ఒక్క ఫోటో లేదు. వాళ్ళమ్మ ఫోటో ఒక్కటైనా ఇంట్లో ఉండాలని అమ్మకు ఎన్నాళ్ళనుంచో కోరిక. కానీ ఆ పూట నేను ఆఫీసులో ఉన్నాను, తీసేది అల్లుడాయె. అల్లుడి కంటపడకుండా తలుపు చాటున నిలబడి మాట్లాడే కాలపు మనిషి ఆమె. అమ్మ బతిమాలగా బతిమాలగా చివరికి పెరట్లో తులసికోట దగ్గర పక్కకు తిరిగి నిలబడటానికి ఒప్పుకుందట. నాన్న ఫ్రిజ్‌లోంచి ఆ రీలే తీసి కెమెరాలో వేశారు.

మర్నాడు అమ్మమ్మ రైలెక్కి వెళ్ళిపోయాక, రీలంతా ఖర్చు పెట్టేశానమ్మా అని నాన్న గర్వంగా చెప్పేసరికి పరుగున వెళ్ళి ఫ్రిజ్ తలుపు తీశాను, కరివేపాకు డబ్బా పక్కన నా రీలు లేదు. అమ్మకు సంగతి చెప్పకుండా కెమెరాలోంచి రీలు తీసుకుని బయల్దేరాను. స్టూడియోలో ఇచ్చి కడిగిస్తే అక్కడి పెద్దాయన తల పట్టుకుని, "అరే దీదీ, పూరా రీల్ ఖరాబ్! ఏక్ కే ఊపర్ ఏక్ చఢ్ గయా" అన్నాడు, ఒకదాని మీద ఒకటి ఎక్కి రీలంతా పాడైపోయిందని. ఒక్కొక్కటీ చూస్తున్నాను, అన్నీ గజిబిజి. చివర్లో ఒకే ఒక్కటి దొరికింది. అమ్మ ఏదో అంటే కాబోలు, అమ్మమ్మ సిగ్గు మరిచి ఇటు తిరిగి నవ్వింది. పాదాల కింద పెరడు లేదు, నీళ్ళు తళతళలాడుతున్నాయి. స్టూడియోలోనే ఎగిరి గంతేశాను.

ఇంటికొచ్చి తప్పు ఒప్పుకుని ఫోటో అమ్మ చేతిలో పెట్టాను. అమ్మ తిట్టలేదు. ఆ సాయంత్రం ఫోటోనే చూస్తూ, పొయ్యి మీద పాలు పొంగిపోయినా చూసుకోలేదు. కాపీ ఊరికి పంపితే అమ్మమ్మ మావయ్యతో ఫోను చేయించి, "ఏటే గుంటా, నానెప్పుడే సెరువు మీద నడిసీసినాను?" అని అడిగి, ఆగకుండా నవ్వింది. ఆ తరువాత ఎవరడిగినా ఇంకో ఫోటోకి ఒప్పుకోలేదు, ఇంతకన్నా బాగా ఎవడు తీస్తాడని.

స్టూడియో ఇప్పుడు లేదు, అమ్మమ్మా లేదు. నా ఫోనులో అమ్మవి వందల ఫోటోలున్నాయి, అన్నీ చక్కగా, స్పష్టంగా ఉన్నాయి. వాటిలో ఒక్కదాన్నయినా, ఆ రోజు అమ్మ వాళ్ళమ్మ ఫోటోను చూసినంత సేపు నేను చూడలేదు.