మొయినాబాద్ అంటే షాబాద్‌కు ఉరికిన

ఆ రోజు మ్యాచ్‌ల మా కెప్టెన్ నవీన్ "మొయినాబాద్!" అని అరిచిండు. నేను షాబాద్‌కు ఉరికిన. ఏదో తేడా వచ్చిందని అందరికి తెలిసింది, నాకు తప్ప.

జర వివరంగ చెప్పాలె. మాది చేవెళ్ల. మొయినాబాద్ దగ్గర ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్న. మా కాలేజీకి అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ ఉన్నది. కాలితోటి తన్నే ఆట కాదు. కోడిగుడ్డు లెక్కుండే బంతిని చేతుల్ల పట్టుకొని ఉరుకుడు, ఎదుటోళ్లు మీదవడి పడగొట్టుడు. మా పీడీ సారు వీడియోలు చూసి నేర్చుకొని మాకు నేర్పిండు. ఏ ఎత్తు వేస్తున్నమో ఎదుటి టీమ్‌కు తెల్వద్దని, ఎత్తులకు మా బస్సు రూట్ల ఊర్ల పేర్లు పెట్టుకున్నం. అజీజ్‌నగర్ అంటే దగ్గరి పాస్. ఆ తర్వాత మొయినాబాద్, కనకమామిడి, చేవెళ్ల. అన్నిటికన్న దూరం షాబాద్. బంతి విసిరేది నవీన్, పట్టేది నేను. వాడు ఏ ఊరంటే ఆ ఊరికి టికెట్ లేకుండ ఉరుకుడే నా పని.

సీజన్ మొదట్ల వరుసగ ఓడినం. ఒక మ్యాచ్‌ల నేను కనకమామిడి దగ్గర బంతి పట్టి గీత దాటినంక మా దశ తిరిగింది. ఇగ ఈ మ్యాచ్ గెలిస్తే ఫైనల్.

నేను షాబాద్‌కు ఉరికేకన్న కొంచెం ముందే ఒకడు నన్ను ఎత్తి ఎల్లెలకల పడేసిండు. హెల్మెట్ ఉన్నా తల నేలకు గట్టిగ తాకింది. నవీన్ వచ్చి నా మొహం ముందర వేళ్లు పెట్టిండు.

"ఎన్నిరా?"

"రెండు."

"మంచిగనే ఉన్నడు. ఆడుండ్రి!"

మ్యాథ్స్‌ల ఎప్పుడూ కరెక్ట్ చెప్పనోన్ని, ఆ ఒక్కసారి కరెక్ట్ చెప్పుడే కొంప ముంచింది.

ఆ తర్వాతి ఎత్తుకే నేను షాబాద్‌కు ఉరికింది. అయినా మ్యాచ్ ఎట్లనో గెలిచినం. ఇంటికి పోతుంటే బస్సులనే కక్కిన. వెలుతురు కండ్లల్ల గుచ్చుకున్నది. అవ్వ, అంటే మా అమ్మ, చూసి "ఎండదెబ్బ బిడ్డా" అని మజ్జిగ తాపింది. పొద్దుగాల లేచి "బాపు పొలం నుంచి వచ్చిండా?" అని అడిగిన. వచ్చిండన్నది. మళ్ల అడిగిన. ఇంకోసారి అడిగిన. బాపు నా ఎదురుంగనే కూసొని చాయ్ తాగుతున్నడు. ఆ చాయ్ సగంల వదిలి నన్ను పట్నం దవాఖానకు తీసుకపోయిండు. నవీన్ గూడ అక్కడికి వచ్చిండు.

సీటీ స్కాన్ తీసిండ్రు. డాక్టర్ చూసి "స్కాన్ నార్మల్. లోపల ఏం లేదు" అన్నడు.

"మేం ఎప్పటిసంది అదే చెప్తున్నం సార్" అన్నడు నవీన్.

డాక్టర్ నవ్వలేదు. "బ్లీడింగ్ లేదంటున్న. ఇది కంకషన్. మెదడు అదిరింది, ఆ అదురు స్కాన్‌ల కనవడదు. ఫోన్ వద్దు, టీవీ వద్దు, ఆట అసలే వద్దు. ఇది మానకముందే ఇంకో దెబ్బ తగిలితే ప్రాణం మీదికి వస్తది." ఆఖరికి నెలల పేర్లు ఎనుక నుంచి చెప్పుమన్నడు. నేను ఆగస్టు దగ్గర ఆగిపోయిన.

ఆ తర్వాత చీకటి అర్రల పడుకున్న. కుక్కర్ విజిల్ కొడితే తల పలిగినట్టయ్యేది. ఒకనాడు అవ్వ మీద గట్టిగ అరిచిన. మర్నాటి సంది ఆమె పొయ్యి మీద గిన్నెల అన్నం వండింది. కొంచెం తేరుకున్నట్టు అనిపించి, ఎవ్వరికి చెప్పకుండ పొలం గట్టు మీద ఉరికి చూసిన. మళ్ల కక్కుడు, మళ్ల చీకటి అర్ర.

ఫైనల్ దగ్గరికి వచ్చింది. డాక్టర్ సరేనంటెనే పీడీ సారు ఆడనిస్తనన్నడు. ఇంజనీరింగ్ పోరగాండ్లకు పాత ప్రశ్నపత్రం దొరికినంక భయమేంది? డిసెంబర్ నుంచి జనవరి దాక నెలల పేర్లు ఎనుకకు బట్టీ వట్టిన. నవీనే ఫోన్‌ల అప్పజెప్పించుకున్నడు. "రివ్యూల ఇదే ఇంపార్టెంట్ క్వశ్చన్‌రా" అన్నడు.

రివ్యూకు వాడే తోలుకపోయిండు. డాక్టర్ "నెలలు..." అన్నడో లేదో, నేను గడగడ అప్పజెప్పిన.

"మంచిగ చదువుకొని వచ్చినవ్" అన్నడు డాక్టర్. "ఏ బస్సుకు వచ్చినవ్?"

"షాబాద్ బస్సు సార్."

"అయితే షాబాద్ నుంచి పట్నం దిక్కు ఒక్కొక్క ఊరు చెప్పుకుంట రా."

నవ్వొచ్చింది. చిన్నప్పటి సంది తిరిగిన తొవ్వ, సీజనంతా ఉరికిన తొవ్వ. "షాబాద్... చేవెళ్ల..." అన్న. మా ఊరు దాటినంక ఊరే లేదు. ఎంత తండ్లాడినా తెల్లగోడ తప్ప ఏం కనవడలేదు. నవీన్ పరీక్ష హాల్‌ల లెక్క పెదవులు కదిపి అందియ్యవోయిండు. మధ్యలనే ఆగిండు.

"సార్, వీడు ఆడడు" అన్నడు.

"అరె, జర టైమియ్యిరా, చెప్తున్న గదా!"

"కనకమామిడిరా! నీ కనకమామిడి! అదే యాది లేకపోతే నేను నిన్ను ఏ ఊరికని పిలవాలె?"

వచ్చేటప్పుడు బస్సు కనకమామిడి దగ్గరికి రాంగనే వాడు నా చెయ్యి పట్టుకున్నడు.

ఫైనల్ నాడు టోపీ, నల్ల అద్దాలు పెట్టుకొని గీత అవతల కూసున్న. ఆఖరి ఎత్తు కనకమామిడి. నా జాగల ఆడిన జూనియర్ పోరని వేళ్లకు తాకి బంతి కింద పడ్డది. ఓడినం. నవీన్ వచ్చి నా పక్కన కూలవడ్డడు.

"నువ్వుంటే పట్టేటోనివిరా" అన్నడు.

"నేనైతే షాబాద్‌ల ఉండేటోన్ని" అన్న.

ఓడినోళ్లు గిట్ల నవ్వుడేందని గెలిచినోళ్లు తిరిగి చూసిండ్రు.

చాన రోజులకు తలనొప్పి పోయింది. డాక్టర్ సరేనన్నంకనే, మెల్లమెల్లగ మళ్ల ప్రాక్టీస్‌కు పోతున్న. అవ్వ మాత్రం నా బూట్లు చేతుల పట్టుకొని గడపల నిలవడ్తది. "షాబాద్ నుంచి చెప్పుకుంట రా" అంటది. అన్ని ఊర్లు అప్పజెప్తెనే బూట్లిస్తది. ఇంట్ల కుక్కర్ విజిల్ మళ్ల మోగుతున్నది.

చదివేటోళ్లకు ఒక్కటే చెప్త. తలకు దెబ్బ తగిలినోన్ని "మంచిగున్నవా?" అని అడగకుండ్రి, వాడు ఉన్ననే అంటడు. వేళ్లు చూపకుండ్రి. ఆటల నుంచి బయటికి తీసి, సీదా దవాఖానకు తీసుకపోండ్రి. డాక్టర్ అడిగేటియి మాత్రం బట్టీ వట్టకుండ్రి. ఆ ఒక్క పరీక్షల కాపీ కొట్టి పాసయితే, పోయేది మన తలకాయనే.