ఓర్విల్ కొలిచిన సగం

ఓర్విల్ టెస్డాల్‌కి ఉన్న జబ్బు ఒక్కటే, కంచె కొలవడం. మా పశువుల రాంచుకీ అతని రాంచుకీ మధ్య రెండు మైళ్ళ ముళ్ళతీగ కంచె ఉంది. ఏటా మంచు కరగగానే ఆ పెద్దమనిషి ఈ కొస నుంచి ఆ కొసకి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడుస్తాడు. డెబ్బై నాలుగేళ్ళవాడు! నడిచి, సగం ఎక్కడో తేల్చి, అక్కడి గుంజకి తన పాత ఎర్ర లోచొక్కాలోంచి చింపిన పీలిక కడతాడు. ఆ సగం వరసగా రెండేళ్ళు ఒకే చోట ఉన్న పాపాన పోలేదు.

మోంటానాలో మా వైపు ఒక కట్టుబాటుంది. పొరుగువాళ్ళిద్దరూ కంచెకి సరిగ్గా మధ్యలో ఎదురెదురుగా నిలబడాలి. ఎవరి కుడిచేతి వైపు ఉన్నది వాళ్ళ వంతు, బాగుచేసుకోవలసిందీ వాళ్ళే. ఒకరి వంతులో ఇంకొకరు వేలుపెట్టడం అంటే పక్కింటావిడ వంటింట్లోకి పోయి గరిటె లాక్కోవడమే.

మా ఆయన లెయిఫ్ ఉన్నన్నాళ్ళూ కంచె పని ఆయనదే. ఆయన పోయిన ఏడు మొదటిసారి కటింగ్ ప్లయర్, తీగచుట్ట పట్టుకుని నేను వెళ్ళాను. ఓర్విల్ పరామర్శించలేదు సరికదా, టోపీ కూడా తియ్యలేదు.

"ఇదిగో అమ్మాయ్, సగం ఇక్కడ," అన్నాడు పీలిక చూపించి.

"సగం అంటే ఆ పెద్ద బండ అనేవాడుగా లెయిఫ్?"

"లెయిఫ్‌కి లెక్కలు రావు. బండ నుంచి ఇక్కడిదాకా ఉన్న ఇరవై గుంజలూ నావి. ముట్టుకోకు."

"ముట్టుకుంటే అరిగిపోతాయా?"

"ఇందాక రోడ్డు పక్కన నువ్వు వేసిన ముడి చూశాను. దూడలు నవ్వుతాయి."

నాకు ఒళ్ళు మండింది. మొగుడు పోయి నాలుగు నెలలు కాలేదు, ఈయన నా ముడులకి వంకలు పెడుతున్నాడు!

మరుసటేడు పీలిక ఇంకో ఇరవై గుంజలు నా వైపు జరిగింది. మూడో ఏడు వాగు కాస్తా అతని వంతులోకి పోయింది. ఏటా మంచుగడ్డలు పగిలి వచ్చి తీగల్ని ఊడ్చుకుపోయే వాగు అది.

"వాగు తాతల కాలం నుంచీ మాది!" అని అరిచాను.

"తాతలు కట్టింది నిలబడింది. నువ్వు కట్టింది కుందేలు తోసుకుపోయింది."

"ఓర్విల్, నీ కాళ్ళు ఏటేటా కురచవుతున్నాయి."

"కాళ్ళు కాదు, నేల సాగుతోంది."

మోకాళ్ళ లోతు బురదలో నిలబడి, ఆ చల్లటి నీళ్ళ చాకిరీ నాకే కావాలని గంటసేపు పోట్లాడాను. పంతానికి బుద్ధి ఉండదు.

ఇక రాంచు సంగతి అడక్కండి. గడ్డి కోసి పరిచిన వారమే వాన, విత్తిన నెలంతా ఎండ. ధర లేచిన ఏడు దూడలుండవు, దూడలున్న ఏడు ధర ఉండదు. ఒక ఏప్రిల్‌లో మంచుతుఫాను ఒక్క పూటలో పద్దెనిమిది దూడల్ని పొట్టనపెట్టుకుంది. ఒకే ఒక్క ఏడు గడ్డి మోకాలెత్తు పెరిగింది. అది చూడ్డానికి మిడతలొచ్చాయి. దేవుడికి నా మీద కోపం కాబోలు అనుకునేదాన్ని. నేనొకదాన్ని ఉన్నట్టే ఆయనకి తెలియదని తర్వాత అర్థమైంది.

మిగిలిన ఒకే ఒక్క గర్వం కంచె పని. మొదటేడు ఆరు రోజులు పట్టింది, పదో ఏటికి రెండు రోజులు. ఏడాదికి ఇరవై గుంజలేగా అని నేనెన్నడూ కూడి చూడలేదు.

"మగాళ్ళు వారం చేసే పని నాకు రెండ్రోజులు!" అన్నాను ఒకసారి దాణా కొట్లో, పదిమందిలో.

మూల కూర్చుని కాఫీ తాగుతున్న ఓర్విల్ తలెత్తలేదు. "నోటికి వేగం వచ్చింది. ముడులు మాత్రం అవే."

కొట్టంతా గొల్లుమంది. నెల రోజులు అతనితో మాట్లాడలేదు. ఆ సంగతి అతను గమనించనేలేదు.

తర్వాత వరసగా రెండు కరువులు. తొంభై ఆవులు ముప్ఫై ఒకటి అయ్యాయి. ఇక నా వల్ల కాదు, అమ్మేద్దామని తేల్చుకుని జూన్‌లో రమ్మని భూముల బేరగాడికి కబురు పెట్టాను. ఆ చలికాలమే ఓర్విల్ మంచు మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. చూడ్డానికి వెళితే మంచంలోంచే కేక.

"నా వంతు ముట్టుకోకు! అలాగే పడుండనీ!"

"పడుంటే నీ ఆంబోతులు నా ఆవుల మీదికొస్తాయి."

"వస్తే వాటి ఖర్మ!"

ముట్టుకోకూడదా? సరే, చూద్దాం. గుంజ గుంజకీ ఒక వదులు ముడి వేసి ముసలాయన్ని ఏడిపించిగానీ ఊరొదలకూడదని మంచు కరగగానే బయల్దేరాను. పీలిక దాటి అతని వంతులో అడుగుపెట్టడం పదకొండేళ్ళలో అదే మొదలు.

ఇరవై గుంజలు పోయాక వెలిసిన పీలిక ఒకటి. ఇంకో ఇరవై పోతే ఇంకోటి, గులాబీరంగుకి తిరిగింది. తర్వాతవి తెల్లబడిపోయాయి. అలా పది. వాగు దగ్గర కంచె కొత్త దుంగలతో, మూడేసి వరసల తీగతో బిగించి ఉంది. చివరికి బండ. దాన్ని ఆనుకుని వెనక్కి తిరిగి చూస్తే నేను దాటొచ్చిన పీలిక కనుచూపు మేరలో లేదు. మైలు పొడుగున్న నా వంతులో మూడింట రెండు పాళ్ళు, వాగుతో సహా, ఈ ముసలాయన నడ్డి మీద ఉంది. నేనేమో దాన్ని నా పనితనం అనుకుని ఊరంతా డప్పు కొట్టుకున్నాను.

ఇంటికొచ్చి అతని అక్క ఆల్మాకి ఫోన్ చేశాను. "మీ తమ్ముడికి ఈ కొలతల పిచ్చి చిన్నప్పటి నుంచీ ఉందా?"

"వాడు కొలవడమేంటే? డజను గుడ్లు లెక్కపెట్టమంటే పదమూడు తెస్తాడు. మీ లెయిఫ్ పోయిన ఏడు పట్టుకుంది ఆ పిచ్చి."

నా వంతూ అతని వంతూ కలిపి బాగుచెయ్యడానికి పన్నెండు రోజులు పట్టింది. జూన్‌లో ఆల్మా అతన్ని పికప్ ట్రక్కులో తీసుకొచ్చింది. కంచె ఆ కొసన ఉన్న అతని గేటుకి పది గుంజల ఇవతల నా ఎర్ర గౌను పీలిక ఎగురుతోంది.

"ఏంటిది?"

"సగం. నేను కొలిచాను."

"నీకు లెక్కలు రావు."

"నేల కుంచించుకుపోతోంది ఓర్విల్."

తీగ పట్టుకుని ఊపాడు. "వదులు."

"తెలుసు. పోతే వచ్చే ఏడు మళ్ళీ కడతాను."

అతని చెయ్యి తీగ మీదే ఆగిపోయింది. "వచ్చే ఏడు ఉంటావా? అమ్మేస్తున్నావని దాణా కొట్లో అన్నారు."

"బేరగాణ్ణి రావద్దన్నాను. సగం ఎక్కడుందో తేలకుండా ఎలా అమ్మను?"

ఓర్విల్ ఆల్మా దగ్గర చేతికర్ర అందుకుని, రెండో చేత్తో కంచె పట్టుకుని, నా ఇంటి వైపు తిరిగి గట్టిగా లెక్క మొదలుపెట్టాడు.

"ఒకటి. రెండు. నాలుగు."