గుండుసూదులు లేని నోరు

దర్జీని వీధిలో అందరూ గుండుసూది అనే పిలుస్తారు. పనిలో ఉన్నంతసేపూ పెదవుల మధ్య గుండుసూదులు ఉంటాయి. ఎవరేం అడిగినా తల ఊపుతాడు.

ఆ ఉదయం కుడుతున్న తెల్లచొక్కా కాలరు మీద ఎర్రటి చుక్క కనిపించింది. చన్నీళ్లతో తుడిచాడు. కాసేపటికి జేబు మీద ఇంకొకటి. సూదులు తీసి వెలుగులో చూశాడు. తుప్పు లేదు. నాలుకతో చిగుళ్లు తడుముకుంటే ఉప్పగా తగిలింది. లేచాడు. గుమ్మం దాకా వెళ్లాడు. వచ్చి కూర్చున్నాడు. మళ్లీ లేచాడు.

"కాలుగాలిన పిల్లిలా ఏంటండీ ఆ తిరుగుడు?" అంది భార్య. దగ్గరికి వచ్చి అతని మోచేయి చూసింది. అక్కడ నీలంగా కమిలి ఉంది. ఎక్కడా తగిలిన గుర్తు లేదు.

గుండెకు కొత్త కవాటం వేసినప్పటి నుంచి, రక్తం గడ్డకట్టకుండా రోజూ ఒక మాత్ర వేసుకుంటున్నాడు. ఒక్కపూట తప్పలేదు.

డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం చూసి కనుబొమలు ముడిచింది.

"రక్తం మరీ పలచబడింది. వేరే మందులేమైనా వాడుతున్నారా?"

"లేదండీ."

"మరి మీ అక్కయ్య ఇచ్చినవి?" అంది భార్య.

"అవి మందులేంటే? వెల్లుల్లి మాత్రలు. కూరలో వేసేదేగా."

"కూరలో రెండు రెబ్బలు వేరు, సారం తీసి మాత్ర చేస్తే వేరు," అంది డాక్టరమ్మ. "అదీ రక్తాన్ని పలచబరుస్తుంది, మీ గుండె మాత్రా అదే పని చేస్తుంది. ఈ చుక్కలు బయట కనబడ్డాయి. తలలో కారితే ఎవరికి కనబడుతుంది? వెల్లుల్లి మాత్రలు ఆపెయ్యండి. గుండె మాత్ర ఎంత వేసుకోవాలో నేను చెప్తాను. సొంతంగా మానొద్దు. చిగుళ్లు మానేదాకా నోట్లో సూదులూ వద్దు."

దుకాణంలో సూదులు ఇప్పుడు దూది దిండుకు గుచ్చి ఉన్నాయి. ఖాళీ నోటితో చెయ్యి ఆడలేదు. మాటిమాటికీ నాలుక చిగుళ్ల మీదికే పోతోంది.

సాయంత్రం అక్క కొత్త సీసాతో వచ్చింది.

"ఒరేయ్, అయిపోయుంటాయని తెచ్చాను."

మునుపైతే తల ఊపి పుచ్చుకునేవాడు.

"వద్దక్కా."

"నోరు పెగిలిందే నీకు! నీ మేలుకోరి తెస్తే..."

"మేలుకే తెచ్చావు. నా గుండె మాత్రతో అవి పడవట. నెత్తురు కారుతోంది."

అక్క సీసాను ఒళ్లోకి తీసుకుంది. మూత తిప్పింది, బిగించింది, మళ్లీ తిప్పింది.

"నేనూ నా మాత్రలతో కలిపే మింగుతున్నానురా," అంది మెల్లగా.

"డాక్టరుకు చెప్పావా?"

"వెల్లుల్లేగా అని..."

అతను తెల్లచొక్కాను మిషను మీదే వదిలి లేచాడు. ఈసారి గుమ్మం దగ్గర ఆగలేదు. చెప్పుల్లో కాళ్లు పెట్టాడు.

"పద. సీసా కూడా పట్టుకురా."